సన్ననీళ్ళ లెక్క

పామూరు దాటాక తొమ్మిదో కిలోమీటరు రాయి దగ్గర
గొర్రెలవాగు మీద మూడు గొట్టాలు.
రెండు కనపడవు.
మేట వేసిన ఇసక మీద జమ్ము మొలిచింది.
మూడోదాంట్లో సగం దాకా వండ్రు,
మిగతా సగంలో ఒక ఎర్ర కుక్క, దాని నాలుగు పిల్లలు.

ఏటా కార్తీకంలో తుఫాను పడితే
నీళ్ళు గొట్టాల మొహం చూడకుండా
రోడ్డెక్కి అడ్డంగా నడుస్తాయి.
తారు చాపలా చుట్టుకుపోతుంది.
కందుకూరు బస్సు ఆవలే ఆగిపోతుంది.
మళ్ళీ టెండరు, మళ్ళీ గ్రావెలు,
పూడికతీత అని ఇంకో బిల్లు.

ఆ గొట్టాలు గీసింది నేనే.
పందొమ్మిదేళ్ళ కింద, ఒంగోలు ఆఫీసులో,
ఫ్యాను గాలికి లేచే ట్రేసింగు కాగితం మీద
టిఫిను డబ్బా బరువు పెట్టి.
యాభై ఏళ్ళకోసారి వచ్చే వరదకు లెక్క కట్టాను.
లెక్క తప్పలేదు.
ఇప్పటికీ తీసి చూసుకుంటాను, తప్పలేదు.
మిగతా నలభై తొమ్మిదేళ్ళూ
చీలమండ లోతున వచ్చే సన్ననీళ్ళు
అంత వెడల్పులో ఏమైపోతాయని
ఎవరూ అడగలేదు.

మాలకొండయ్య అడిగాడు.
గ్యాంగుమనిషి. అతని పారకర్ర అరిగి అరిగి
అరచేతి ఆకారానికి వచ్చింది.
"మా నాయన కనిగిరి సంతకి జొన్నమూట మోసేవోడమ్మా.
నడిచినంతసేపూ బరువు తెలీదనేవోడు.
యాడన్నా నిలబడ్డాడా, దించాల్సిందే.
నీళ్ళూ అంతే గదా.
రెండు బారల వాగుని ఐదు బారలకి సాగదీసి
నిదానంగా పొమ్మంటే
అది మూట దించక ఏం జేస్తాది?"

ఎస్టిమేటులో ఆ మాట రాయడానికి కాలమ్ లేదు.

ఈసారి ముందు ఎగువకు నడిచాను.
సర్కారుతుమ్మ ముళ్ళు చీర కుచ్చిళ్ళు పట్టుకుంటుంటే
లెవెల్ కర్ర పట్టుకుని మాలకొండయ్య ముందు, నేను వెనక.
గులకరాయిని ఎక్కడ దించింది, ముతక ఇసకను ఎక్కడ,
ఎక్కడ అలసిపోయి మెత్తటి వండ్రును కూడా వదిలేసింది.
తన నడక ఎంతో
దారిపొడుగునా వాగే రాసి పెట్టింది.
పందొమ్మిదేళ్ళుగా ఆ దస్తూరీ
నేను చెత్త అనుకున్నాను.

మధ్యలో ఒకే పెట్టె తూము, వాగంత వెడల్పు.
అంతకన్నా జానెడు ఎక్కువ కాదు.
దాని అడుగు వాగు అడుగుతో కలిసి, అదే వాలున.
మెట్టు లేదు, గుంట లేదు,
నీళ్ళు కూలబడి ఊపిరి పీల్చుకునే చోటు లేదు.
ఇరుపక్కలా రెండు తూములు, మూరెడు ఎత్తున.
కొట్టుకొచ్చే కొమ్మల కోసం కాస్త ఎగువన
ఏటవాలుగా పాతిన రైలుపట్టా ముక్కలు.

"ఆ రెండూ ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటాయి గదా,
ఆడిట్‌కి ఏం చెప్తావు?" అన్నారు పెద్దసారు.
ఖాళీగా ఉండటమే వాటి పని సార్, అన్నాను.
ఆయన నవ్వలేదు. సంతకం మాత్రం
పదకొండు నెలల తర్వాత పెట్టారు.

మొదటి తుఫాను వెలిసిన పొద్దున
మాలకొండయ్య పంచె ఎగ్గట్టి నడిమి తూములోకి దిగాడు.
మోకాలి లోతు ఎర్రనీళ్ళు.
వంగి, భుజం దాకా చెయ్యి ముంచి, తడిమాడు.
నేను రోడ్డు అంచున నిలబడి
పరీక్ష ఫలితాల రోజులా
అతని మొహం చూస్తున్నాను.
"సిమెంటు తగల్తా ఉందమ్మా."

ఒక్క వాన. ఒక్క వానకి ఏం తెలుస్తుంది.
గోడ మీద ఎర్రరంగుతో జానెడుకో గీత పెట్టించాను.
మూడు కార్తీకాలు చూడాలి.
అప్పటికి నాకు రిటైర్మెంటు,
మాలకొండయ్యకు ముందే.

మొన్న చూశాను.
ఎత్తు తూములో, పొడినేల మీద
ఎర్ర కుక్క మళ్ళీ పిల్లల్ని పెట్టింది.
యాభై ఏళ్ళ వరద వచ్చే రాత్రి
దాన్ని ఎవరు లేపాలో
ఆ లెక్క ఇంకా కట్టలేదు.